కైఫీయతులు రాయించిన కల్నల్ మెకంజీ

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి నాలుగు పేజీలు రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారిని గురించీ, మన పాత జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములుగారిని గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పైయేడేళ్లు గుమాస్తా పని చేసినవాణ్ణి. నాకు తెలిసినవి తపాలు, ఫైలు, రికార్డు రూము, ఈ మూడే. అందుకని, జీవితమంతా రికార్డు పోగుచెయ్యడానికే ధారపోసిన ఒక సర్కారు ఉద్యోగిని గురించి రాయాలనుకున్నాను. ఆయన పేరు కల్నల్ కాలిన్ మెకంజీ. చనిపోయి రెండువందల ఏళ్లు దాటింది.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెప్పుకోవాలి. అందులో నా తప్పు ఒకటి ఉంది.

1984 జనవరిలో రాష్ట్రమంతటా కరణం, మునసబు పదవులు రద్దయిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గ్రామ లెక్కలన్నీ తాలూకా ఆఫీసులకు అప్పగించమని ఉత్తర్వులు వచ్చాయి. అప్పుడు నేను ఒక తాలూకా ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తాను. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే తప్పు ఆఫీసుది కాదు, నాది. రోజూ కరణాలు సంచులతో, ట్రంకు పెట్టెలతో వచ్చి వరండాలో కూర్చునేవారు. నా దగ్గర ఒక జాబితా ఉండేది. అడంగళ్లు, పది ఒకట్లు, డైగ్లాట్, ఎఫ్.ఎం.బి. ఇలా వరసగా చూసి, టిక్కు పెట్టి, రసీదు రాసి ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు డెబ్బై దాటిన కరణంగారు ఒకాయన జాబితాలోని లెక్కలన్నీ అప్పగించి, చివరికి ఎర్రగుడ్డలో చుట్టిన ఇంకొక కట్ట తీశారు. కొన్ని తాటాకులు, కొన్ని పాత కాగితాలు. కాగితాలమీద గొలుసుకట్టు రాత. వాళ్ల తాతగారి నాటివట. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, తూము ఎవరు పెట్టించారు, పొలిమేర తగాదా ఎట్లా తీరింది, గుడి మాన్యం ఎవరిచ్చారు, అన్నీ అందులో ఉన్నాయని చెప్పారు. నాకు గొలుసుకట్టు చదవడం రాదు. పైగా ఆ కట్టకు నా జాబితాలో గడి లేదు. గడి లేనిది తీసుకోలేనని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాను. ఇంట్లో చదివేవాళ్లు ఎవరూ లేరనీ, ఆఫీసులో ఉంటే ఎప్పటికైనా ఎవరికైనా పనికొస్తుందనీ ఆయన బతిమాలి, బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. నేను దాన్ని ఎక్కడా ఎక్కించకుండా మూలనున్న బీరువా కింద తోశాను.

ఆ ఏడు నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మన ప్రాంతాన్ని ఏం చేసిందో మీకు చెప్పనక్కరలేదు. రికార్డు రూములోకి నీళ్లొచ్చాయి. తడిసి ముద్దయిన వాటిలో ఏవి ఉంచాలి, ఏవి పారెయ్యాలి అని జాబితా రాసింది కూడా నేనే. ఆ ఎర్రగుడ్డ కట్ట ఎదురుగా నిరుపయోగం అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో నా మీద ఒక్క మెమో కూడా లేదు. కానీ ఆ సంతకం మాత్రం నన్ను వదల్లేదు.

రిటైరయ్యాక కళ్ల పరీక్షకని మా తడ స్టేషన్లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కి అప్పుడప్పుడు మద్రాసు వెళ్లి వస్తున్నాను. ఒకసారి డాక్టరుగారు సాయంత్రం రమ్మంటే, పొద్దు గడవడానికి నేనూ మా ఇంటావిడా ఎగ్మూరు మ్యూజియంలోకి వెళ్లాం. అక్కడ అమరావతి శిల్పాలు చూశాను. మన గుంటూరు జిల్లా రాళ్లు ఇక్కడికెట్లా వచ్చాయని వాకబు చేస్తూ పోతే మెకంజీ దొర పేరు తగిలింది. ఆనాటినుంచి దొరికినంతవరకు ఆయన్ని గురించి చదువుతూనే ఉన్నాను.

మెకంజీ 1754లో స్కాట్లాండుకు వాయవ్యంగా ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి వర్తకుడు. పెద్ద చదువులు లేవు. మొదట ఆ రేవులోనే కస్టమ్స్ శాఖలో ఉద్యోగం. అంటే ఆయన కూడా మనలాగే లెక్కల పుస్తకం ముందు కూర్చున్నవాడే. ముప్పైయేళ్ల ప్రాయానికి దగ్గరవుతుండగా ఆ ఉద్యోగం వదిలి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1783లో మద్రాసులో దిగాడు. ఆ తర్వాత ముప్పైయెనిమిదేళ్లు బతికాడు గానీ మళ్లీ తన దేశం ముఖం చూడలేదు.

గణితమంటే ఆయనకు చిన్ననాటినుంచీ ఇష్టం. లాగరిథమ్స్ కనిపెట్టిన నేపియర్ వంశీకులు ఆ మహానుభావుని జీవిత చరిత్ర రాసే ప్రయత్నంలో, హిందువుల గణితాన్ని గురించి వివరాలు సేకరించే పని ఈయనకు ఒప్పజెప్పారు. అందుకోసం మధురలో బ్రాహ్మణ పండితులతో కూర్చుని మాట్లాడాడు. ఆ చరిత్ర పూర్తికాలేదు గానీ, ఈ దేశంలో తెలుసుకోవలసింది చాలా ఉందని ఆయనకు అక్కడే తెలిసింది.

కానీ తీరిక ఎక్కడిది? సైన్యంలో ఇంజనీరు. కోయంబత్తూరు, దిండిగల్లు వైపు, ఆ తర్వాత మన నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో దారులు కొలవడం, పటాలు గీయడం ఆయన డ్యూటీ. తర్వాత టిప్పు సుల్తానుతో యుద్ధాలు. 1792 తర్వాత నైజాం రాజ్యం సర్వే. ఇట్లా పదమూడేళ్లు గడిచిపోయాయి. అప్పటిదాకా పోగుచేసినవి ఏవో చిల్లర కాగితాలేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అందుకు కారణం భాష. తెలుగు, కన్నడం, తమిళం ఏవీ ఆయనకు బాగా రావు. సంస్కృతం అసలే రాదు.

సరిగ్గా అప్పుడు, 1796 ప్రాంతంలో, ఏలూరు నుంచి వచ్చిన ఒక ఇరవైయేళ్ల తెలుగు కుర్రవాడు ఆయన కొలువులో చేరాడు. పేరు కావలి వెంకట బొర్రయ్య. దొర జీవితాన్ని మార్చింది ఈ కుర్రవాడే. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఇంకా మరికొన్ని భాషలు తెలిసినవాడు. ఎవరినైనా మాటల్లో పెట్టి, వారి దగ్గరున్న విషయం రాబట్టగల నేర్పు ఉన్నవాడు. రాళ్లమీద ఎవరికీ అంతుబట్టకుండా ఉన్న హళెగన్నడ లిపిని కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు. బొర్రయ్య వచ్చిన తర్వాతే తన సేకరణకు దారీ తెన్నూ ఏర్పడ్డాయని మెకంజీ స్వయంగా రాసుకున్నాడు. పై అధికారి గుమాస్తాకు అంతటి మెచ్చుకోలు రాతపూర్వకంగా ఇవ్వడం మన సర్వీసులో ఎంతమందికి దక్కిందో మీరే చెప్పాలి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. మైసూరు రాజ్యాన్నంతా సర్వే చేసే పని కంపెనీవారు మెకంజీకి అప్పగించారు. నలభైవేల చదరపు మైళ్లు. అది పూర్తికావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. మధ్యలో కంపెనీవారు సిబ్బందిని తగ్గించారు, ఖర్చులకు కోత పెట్టారు. పొదుపు ఉత్తర్వులనేవి మన కాలంలో పుట్టినవి కావన్నమాట. పటాలు మాత్రమే గీసి ఊరుకున్నా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. కానీ సర్వేతో పాటు ప్రతి ఊరి చరిత్రా రాయించడం ఆయన పద్ధతిగా పెట్టుకున్నాడు. దానికి కంపెనీ ఇచ్చినది చాలక, పండితుల జీతాలకూ, రాతప్రతుల కొనుగోళ్లకూ సొంత జీతంలోంచి ఖర్చు పెట్టాడు.

ఆ సర్వే నడుస్తుండగానే 1803లో బొర్రయ్య చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైయేడు లోపే. జైనులను గురించి ఆయన సేకరించి అనువదించిన వివరాలు తర్వాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో ఆయన పేరుతోనే అచ్చయ్యాయి. అన్నగారి స్థానంలోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చాడు. చివరిదాకా దొర వెంట ఉన్నది ఈ లక్ష్మయ్యే. మరొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో అచ్చువేయించాడు. తెలుగు కవుల జీవితాలను ఇంగ్లీషులో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఇక వారి పని తీరు చెబుతాను. గుమాస్తాలకు ఇది తప్పక నచ్చుతుంది. మెకంజీ తన మనుషులను తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ ప్రాంతాలకు పంపేవాడు. ఏమేమి అడగాలో ముందే రాసి ఇచ్చేవాడు. ఊరికి ఆ పేరెట్లా వచ్చింది, ఏయే ప్రభువులు ఏలారు, గుళ్లు ఎవరు కట్టించారు, చెరువులు ఎన్ని, మాన్యాలు ఎవరివి, శాసనాలు ఎక్కడున్నాయి. వెళ్లినవాళ్లు ఊరి కరణాన్నీ, గుడి పూజారినీ, పెద్దమనుషులనూ కలిసి, వారి దగ్గరున్న కవిలెలు చూసి రాసుకునేవారు. శాసనాలకు అక్షరం అక్షరం నకలు తీసేవారు. ఎక్కడికి పోయారు, ఎవరిని కలిశారు, ఏం దొరికింది అని ఎప్పటికప్పుడు రిపోర్టు పంపేవారు. చాలాచోట్ల జనం జంకేవారు. కంపెనీ మనిషి వచ్చి ఊరి వివరాలడిగితే పన్ను పెంచడానికేనని వారి భయం. ఆ భయం పోగొట్టి, నచ్చజెప్పి, ఒక్కొక్క ఊరి కథ రాబట్టారు. ఇట్లా రాసినవే కైఫీయతులు. అందులో చరిత్రా ఉంది, పుక్కిటి పురాణమూ ఉంది. దేన్నీ వదలకుండా విన్నది విన్నట్టు రాశారు. రెండువందల ఏళ్లనాటి తెలుగు వచనం ఎట్లా ఉండేదో తెలుసుకోవాలన్నా ఇప్పుడు పండితులకు అవే ఆధారం.

గమనించారా? ఆ కైఫీయతులకు మూలం కరణాల కవిలెలు. నేను బీరువా కిందికి తోసింది కూడా అటువంటి కట్టే.

అమరావతి సంగతి విడిగా చెప్పాలి. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తుండగా, పక్కనున్న దీపాలదిన్నెలో ఇటుకలకోసం తవ్వితే చెక్కడపు పాలరాళ్లు బయటపడ్డాయి. విషయం విని 1798లో మెకంజీ అక్కడికి వెళ్లి చూశాడు. అది రెండువేల ఏళ్లనాటి బౌద్ధ మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఏదో గొప్పదని మాత్రం ఆయన గ్రహించాడు. వెంటనే వేరే పనులమీద వెళ్లిపోవలసి వచ్చింది. మళ్లీ తీరిక చేసుకుని 1816లో మనుషులతో వచ్చేసరికి దిబ్బ మధ్యభాగం తవ్వేసి గుంట చేశారు. పద్దెనిమిదేళ్లలో ఎన్నో రాళ్లు గోడల్లోకీ, మెట్లలోకీ, సున్నపు బట్టీల్లోకీ పోయాయి.

అప్పుడు మెకంజీ చేసిన పని ఇది. మిగిలిన రాళ్లను ఎక్కడివక్కడ కొలిపించి, స్తూపానికి ప్లాను గీయించి, ఒక్కొక్క శిల్పానికి బొమ్మ వేయించాడు. ఎనభైకి పైగా బొమ్మలతో ఆ ఆల్బం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఈనాటికీ భద్రంగా ఉంది. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని శిల్పాలు ఇవాళ భూమ్మీద ఎక్కడా లేవు. రాయి పోయింది, కాగితం మిగిలింది. వెయ్యేళ్లు నిలుస్తుందని రాతిమీద చెక్కినది పోయి, నాలుగు వానలకు కరిగిపోయే కాగితం నిలవడమేమిటి అంటే, కాగితాన్ని ఒకరి తర్వాత ఒకరు కాపాడారు, రాతిని ఎవరూ కాపాడలేదు. అంతే తేడా.

అమరావతి కథ ఆయనతో ఆగలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి రాళ్లను మద్రాసు చేర్పించాడు. వాటిలో చాలాభాగం 1859లో ఓడకెక్కి లండను పోయాయి. నూటికి పైగా శిల్పాలు ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు, పని త్వరగా తేల్చాలన్న ఉత్సాహంతో దిబ్బ మొత్తం తవ్వించేశాడు. ఏ పొరలో ఏముందో, ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో రాసిపెట్టేవాళ్లు లేకుండానే తవ్వకం జరిగిపోయింది. తర్వాత వచ్చిన బర్జెస్‌కు ఒక పెద్ద గొయ్యి మిగిలింది.

ఈ బకింగ్‌హాం పేరు మన పులికాటు ప్రాంతంలో పడవ నడిపిన ప్రతి కుటుంబానికీ తెలుసు. 1876-78 నాటి ధాత కరువులో పనిలేని జనానికి కూలి దొరకాలని తవ్వించి పొడిగించిన కాలువకు ఆయన పేరే పెట్టారు. మా తాతల కాలంలో కట్టెలూ, ఉప్పూ, వడ్లూ ఆ కాలువమీదే మద్రాసు పోయేవి. అదే మనిషి ఇక్కడ జనానికి అన్నం పెట్టాడు, అక్కడ తెలియక స్తూపానికి చేటు చేశాడు. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు, పని తెలిసి చెయ్యాలని ఆ కథ విన్నప్పుడల్లా అనుకుంటాను.

మళ్లీ మెకంజీ దగ్గరికి వద్దాం. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మరుసటి ఏడే జావా యుద్ధానికి పంపారు. అక్కడ కూడా ఊరకే ఉండలేదు. ప్రంబానన్ దగ్గరి శిథిలాలయాలు చూసి వివరాలు రాసుకున్నాడు. 1812లో జావాలోనే, సింహళంలో పుట్టిన పెట్రోనెల్లా బార్టెల్స్ అనే డచ్చి యువతిని పెళ్లాడాడు. అప్పటికి ఆయనకు యాభైయెనిమిదేళ్లు. మనం రిటైరయిన వయసులో ఆయన సంసారంలో పడ్డాడు. 1815లో భారతదేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్‌గా ఆయన్నే నియమించారు.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. ఎర్రకోటు వేసుకుని దొర నడుమ నిలబడితే, చుట్టూ ముగ్గురు మనవాళ్లున్నారు. వారు కావలి లక్ష్మయ్య, జైన పండితుడు ధర్మయ్య, బంట్రోతు కిష్ణాజీ అని పరిశోధకులు చెబుతారు. ఒకరి చేతిలో తాటాకు ప్రతి, బంట్రోతు చేతిలో దుర్భిణి, వెనక కొండమీద గోమటేశ్వరుడు. అంత పెద్ద అధికారి తన బొమ్మలో పండితునీ, గుమాస్తానీ, బంట్రోతునీ కూడా నిలబెట్టుకున్నాడు. నేను సర్వీసులో దిగిన గ్రూపు ఫొటోలన్నిటిలోనూ అటెండర్లు ఫొటో అంచున సగం కోసుకుపోయి ఉంటారు.

1817లో కలకత్తా చేరాడు. లక్ష్మయ్య మొదలైనవారిని వెంట తీసుకువెళ్లాడు. పోగుచేసినదాన్నంతా వరసపెట్టి, అనువదింపజేసి, ఒక పెద్ద జాబితా అచ్చువేయించాలని ఆయన ఆశ. ఆరోగ్యం సహకరించలేదు. 1821 మే 8న హుగ్లీ నదిమీద పడవలో, సముద్రపు గాలికని పోతూ ప్రాణం విడిచాడు. కలకత్తా పార్కు స్ట్రీటు శ్మశానంలో సమాధి చేశారు. ముప్పైయెనిమిదేళ్ల సర్వీసు. పెన్షను తీసుకోకుండానే పోయాడు.

ఆయన సేకరణ మొత్తాన్ని కంపెనీ ప్రభుత్వం భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. అంతకు మించి ఆయన చేతి సొమ్మే ఖర్చయిందని ఆయన మిత్రుడు జాన్‌స్టన్ తర్వాతి కాలంలో చెప్పాడు. విల్సన్ పండితుడు 1828లో దానికి జాబితా తయారుచేశాడు. గ్రంథాల రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్లు 8,076, బొమ్మలు 2,630, నాణేలు 6,218. గుమాస్తాగా చెబుతున్నాను, టైపు యంత్రం గానీ, కార్బన్ పేపరు గానీ వాడుకలో లేని రోజుల్లో ఎనిమిదివేల శాసనాలకు చేత్తో నకలు తీయడమంటే మాటలు కాదు.

అంత గొప్ప సేకరణ కూడా మళ్లీ మూలపడింది. కొంత లండను పోయింది, కొంత కలకత్తాలో, కొంత మద్రాసులో. మిగిలిన పని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాడు. పాతికేళ్లు ఆ పనిలోనే ఉన్న మనిషి. అయినా నేటివుకు అంత పని నడిపే యోగ్యత లేదని ఏషియాటిక్ సొసైటీవారు తేల్చారు. దొర ఉన్నంతకాలం పని అంతా చేసినవాడు, దొర పోగానే పనికిరానివాడయ్యాడు. మన సర్వీసుల్లో ఇటువంటివి చూడనివారు ఎవరు? లక్ష్మయ్య మద్రాసులో ఒక సాహిత్య సంఘం పెట్టి, తన శక్తికొలది పని సాగించాడు.

తర్వాత మన సి.పి.బ్రౌన్ దొర పూనుకున్నాడు. లండనులో కంపెనీ గ్రంథాలయంలో పడివున్న దక్షిణాది రాతప్రతులను మద్రాసుకు తిరిగి రప్పించాడు. శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు కొత్తగా నకళ్లు రాయించాడు. అవన్నీ మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి. ఈనాడు కడప జిల్లా కైఫీయతులను అక్కడి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంవారు సంపుటాలుగా అచ్చువేశారు. గుంటూరు తాలూకా కైఫీయతులు కూడా అచ్చయ్యాయి. ఒక కరణం నోటి మాట, ఒక గుమాస్తా రాత, ఒక దొర సంపాదన, ఇంకొక దొర నకలు, ఒక సంపాదకుని శ్రమ. ఇన్ని చేతులు మారి మన చేతికొచ్చింది. మధ్యలో ఏ ఒక్క చెయ్యి వదిలేసినా అంతటితో సరి.

మెకంజీని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ సైనికుడు. ఆయన గీసిన పటాలు మనమీద పెత్తనానికే పనికొచ్చాయి. అమరావతి రాళ్లు కొన్నింటిని ఆయన కూడా తరలించినవాడే. కానీ మన ఊళ్ల కథలు మనకే అక్కరలేని రోజుల్లో, అవి పోకూడదని అనుకున్నవాడు. ఆ మేరకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. బొర్రయ్య, లక్ష్మయ్యలకు అంతకంటే ఎక్కువ రుణపడి ఉన్నాం.

ఇప్పుడు చట్టాలున్నాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయల విలువ మించిన పాతవస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1904లో కర్జన్ కాలంలో ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1958లో కేంద్ర చట్టం, 1960లో మన రాష్ట్ర చట్టం వచ్చాయి. 2010 సవరణతో, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి నూరు మీటర్లలోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపైన రెండువందల మీటర్లలో అనుమతి కావాలి. మనకు దగ్గరలోనే పులికాటు ఊళ్లో డచ్చివారి సమాధులు అట్లా రక్షణలో ఉన్నాయి. వీలైతే మనవలను తీసుకువెళ్లి చూపించండి. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు చూసి పిల్లలు మొదట జడుస్తారు, తర్వాత ప్రశ్నలు వేస్తారు.

కానీ దేశం మొత్తంమీద కేంద్ర రక్షణలో ఉన్నవి మూడున్నర వేలకు పైగా కట్టడాలు మాత్రమే. ఊళ్లేమో లక్షల్లో ఉన్నాయి. ప్రతి ఊరి రాతికీ సర్కారు కాపలా పెట్టలేదు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు మన నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఉద్యోగం చేసుకుంటూనే చేసిన పని. మనకు ఉద్యోగం కూడా లేదు, తీరిక ఉంది.

ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్లకు తగలబెట్టదగినది అని మనం ఎన్ని ఫైళ్లమీద రాశామో లెక్కలేదు. ఏది దేనికింద వస్తుందో తేల్చేవాడు మామూలు గుమాస్తానే. ఆ అధికారం ఎంత పెద్దదో నాకు ఆ రోజుల్లో తెలియదు.

పోయిన సంక్రాంతినుంచి నేనొక రెండువందల పేజీల నోటుబుక్కు కొని, మా తడ కైఫీయతు రాస్తున్నాను. మెకంజీ మనుషులు అడిగిన ప్రశ్నలే నన్ను నేను అడుగుకుంటున్నాను. చెరువులు, గుళ్లు, సరస్సులో వలల కట్టుబాట్లు, ఇరకం దీవికి పడవలు, 1984 తుఫాను, పాత చెక్‌పోస్టు, పక్కన శ్రీసిటీ వచ్చాక మారిన పొలాలు, 2022లో మన మండలం నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాకు మారడం. నావల్ల కానిచోట ఊళ్లో పెద్దవాళ్లను అడుగుతున్నాను. ఎనభై దాటిన ఒకావిడ పడవల పాత పేర్లు పదకొండు చెప్పింది. నాకు వాటిలో నాలుగే తెలుసు. మా మనవడు ప్రతి పేజీనీ సెల్‌ఫోనులో ఫొటో తీసి దాస్తున్నాడు. నకలు ఒకటి వేరేచోట ఉండాలన్నది బ్రౌన్ దొర దగ్గర నేర్చుకున్న పాఠం.

సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో అటకమీద తాటాకులు గానీ, పాత దస్తావేజులు గానీ, గొలుసుకట్టు కాగితాలు గానీ ఉంటే చెత్తలో వెయ్యకండి, కాటా బండికి ఇవ్వకండి. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ దగ్గరలోనే ఉంది, వారికి చూపించండి. ఊళ్లో అక్షరాల రాయి ఏదైనా ఉంటే దానికి సున్నం గానీ రంగు గానీ వెయ్యనివ్వకండి. మెట్టుగా పెట్టనివ్వకండి. శుభ్రమైన ఫొటో ఒకటి తీయించి, ఎక్కడుందో రాసి పురావస్తు శాఖకు పంపండి. రసీదు అడిగి తీసుకోండి. అది మనకు అలవాటే గదా.

ఆ కరణంగారు ఎప్పుడో పోయారు. వారి ఊరి చెరువు ఎవరు తవ్వించారో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆ సంగతి కూడా నా నోటుబుక్కులో మొదటి పేజీలో రాశాను. ఇట్లా ఒక కట్ట ఉండేదనీ, దాన్ని నిరుపయోగమని రాసినవాణ్ణి నేనేననీ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

సెలవు.

ఇట్లు
సంఘ సభ్యుడు, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, తడ